సున్నం అంటిన రాళ్ళు

బండమిట్ట నరసింహప్పకు ఫుట్‌బాల్ గురించి తెలిసింది గోరంత, చెప్పేది కొండంత. యాభై ఏళ్ళు వచ్చేదాకా బంతిని కాలితో తన్నిన పాపాన పోలేదు. కూతురు ఉమాదేవి ఊరి ఆడపిల్లల జట్టులో చేరిన దగ్గర్నుంచి మాత్రం ఆయనంత పండితుడు కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఇంకొకడు లేడు. లేడని ఆయనే చెప్పేవాడు.

ఆ పాండిత్యానికి సభ ఆంజినమ్మ హోటల్. బండమిట్ట దారీ తుమ్మలచెరువు దారీ కలిసే క్రాసులో ఒక రేకుల కప్పు, రెండు బల్లలు. పొద్దున ఉగ్గాని బజ్జీ, రోజంతా టీ. రెండూళ్ళవాళ్ళు బస్సెక్కాలన్నా దిగాలన్నా అక్కడే. పల్లెల లీగు సెకండ్ డివిజన్‌లో ఉన్న ఎనిమిది ఆడపిల్లల జట్లలో రెండు ఈ ఊళ్ళవే. ఏడాదికి ఒక్క జట్టే ఫస్ట్ డివిజన్‌కు పోతుంది. ఇంక ఆ బల్లల దగ్గర టీ చల్లారేది గానీ వాదన చల్లారేది కాదు.

తుమ్మలచెరువు తరఫున గొంతు బయ్యన్నది. నరసింహప్ప చెల్లెలు బయమ్మ మొగుడు. వాళ్ళ కూతురు రేఖ ఆ జట్టులో ముందు వరుసలో ఆడుతుంది. బావాబామ్మర్దులిద్దరూ ఒకే బల్లకు చెరో పక్కన కూర్చునేవాళ్ళు, ఒకే ప్లేటులో బజ్జీలు తినేవాళ్ళు, ఒకరి జట్టును ఒకరు ఉతికి ఆరేసేవాళ్ళు.

వాదనంతా ఆటతీరు మీదే. తుమ్మలచెరువు పిల్లలు ఎండిపోయిన చెరువులో ఆడి పెరిగారు. ఒండ్రునేల, అరచేయంత నున్నగా ఉంటుంది. బంతిని నేల విడవనీయకుండా ఒకరి కాలి నుంచి ఒకరి కాలికి అందించుకుంటూ పోవడం వాళ్ళ పద్ధతి. బండమిట్ట గ్రౌండు గుట్ట కింద. రాయి లేని జానెడు చోటు ఉండదు. నేల మీద బంతి పెడితే అది ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. అందుకని ఆ పిల్లలు బంతిని గాల్లోనే నడిపిస్తారు. వెనకనుంచి ఉమాదేవి ఒక్క తన్ను తన్నిందంటే అది సగం గ్రౌండు దాటి ప్రసూన అనే పిల్ల ముందర దిగుతుంది.

“మీదేం ఆట బావా, విస్తర్లేసి వడ్డించినట్ల! నీకింత, నాకింత అని పంచుకుంటా పోతాంటే గోలెప్పుడు కొడతారు?” అనేవాడు నరసింహప్ప.

“మీది ఆటనా? శెనక్కాయ చేన్లో కాకుల్ని తోలినట్ల పైకి ఇసిరేది. రేపు ఫస్ట్ డివిజన్‌లో గడ్డి గ్రౌండు మీద ఆడల్లంటే మీ పిల్లోళ్ళు ఆకాశం సూసుకుంటా నిలబడతారు” అనేవాడు బయ్యన్న.

“పోయేది మేమే. రాసి పెట్టుకో. నా బిడ్డ తన్నుతాంటే ఆపేటోళ్ళు ఈ జిల్లాలో లేరు.”

“ఎన్నిసార్లు రాసిపెట్టుకోవల్లప్పా? పుస్తకం నిండిపాయె” అని ఆంజినమ్మ అందుకునేది. ఆటో నడిపే తిప్పేష్ మాత్రం నరసింహప్ప ప్రతి మాటకూ తలూపేవాడు. బండమిట్టలో సగంమందికి ధైర్యం ఆ గొంతులోంచే వచ్చేది.

ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. పదకొండేళ్ళ తర్వాత తుమ్మలచెరువు నిండింది. ఊరంతా గంగపూజ చేసి పొట్టేళ్ళు కోసుకుంటే, ఆటపిల్లలు మాత్రం కట్ట మీద నిలబడి నీళ్ళకింద పోయిన తమ గ్రౌండును చూసి ముఖాలు వేలాడేసుకున్నారు. అక్కడ జరగాల్సిన ఆఖరి మ్యాచ్, అదీ ఈ రెండూళ్ళ మధ్య మ్యాచ్, బండమిట్టకు మారింది. అప్పటికి రెండు జట్లకూ సమానంగా పాయింట్లు. గోల్స్ లెక్కలో తుమ్మలచెరువుది పైచేయి. డ్రా అయితే వాళ్ళే పోతారు. బండమిట్ట గెలిచి తీరాలి.

హోటల్లో నరసింహప్ప గొంతు ఇంకా పెరిగింది. లోపల మాత్రం నమ్మకం సడలింది. ఎందుకంటే అంతకు వారం ముందు చెల్లెలింటికని పోయి, స్కూలు వెనక దొడ్లో ఆ పిల్లల ప్రాక్టీసు చూసొచ్చాడు. రేఖ కాలికి బంతి అంటుకుని తిరుగుతోంది. చూస్తూ చూస్తూ ఆయన వీళ్ళను మనవాళ్ళు ఆపలేరు అనుకున్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

అసలు బాధ వేరే. పద్దెనిమిది దాటితే ఈ లీగులో ఆడనీయరు. వచ్చే నెల్లో కొత్త సీజన్ మొదలయ్యే నాటికి ఉమాదేవికి పదిహేడున్నర. అది ఆమెకు ఆఖరిది. రెండేళ్ళ కిందట జట్టునంతా అనంతపురం తీసుకుపోయి ఫస్ట్ డివిజన్ మ్యాచ్ చూపించారు. వచ్చాక వారం రోజులు ఆ పిల్లకు అదే మాట. “నాయనా, గడ్డి ఎట్లుండాదో తెల్సా? పడినా మోకాళ్ళు చీరుకుపోవు.” మోకాళ్ళ నిండా మచ్చలున్న పిల్ల ఆ మాట అంటే తండ్రికి ప్రాణం ఉసూరుమంది. ఒక్కసారైనా ఆమె ఆ గడ్డి మీద ఆడుతుంటే చూడాలి. అంతకుమించి ఆయనకు దేవుణ్ణి అడిగే కోరికేమీ లేదు.

దేవుణ్ణి అడిగి ఊరుకుంటే బాగుండేది.

బండమిట్ట గ్రౌండులో గీతలు గీసే పని నరసింహప్పదే. ఎవరూ పెట్టలేదు, ఆయనే నెత్తినేసుకున్నాడు. శనివారం మిట్టమధ్యాహ్నం, కుక్క కూడా బయటికి రాని ఎండలో, సున్నం గంపా గడ్డపారా తీసుకుని గ్రౌండుకు పోయాడు. గట్టు మీద పిడికిలంత రాళ్ళు ఏరి, ఆ గంపలోనే వేసుకున్నాడు. గ్రౌండు నడిమధ్యన గడ్డపారతో గుంటలు తవ్వి, ఒక్కో గుంటలో ఒక్కో రాయి కూర్చోబెట్టి, పైన రెండు వేళ్ళ మందాన మన్ను కప్పాడు.

పైన పెడితే లాభం లేదు. ఆ లీగులో ఒక ఆచారం ఉంది. ఆట మొదలయ్యే ముందు రెండు జట్ల పిల్లలూ ఒకే వరుసలో, మనవాళ్ళొకరు వాళ్ళవాళ్ళొకరుగా నిలబడి, ఈ గోలు నుంచి ఆ గోలుదాకా నడుస్తూ కనబడిన రాయినల్లా ఏరి బయట పారేస్తారు. రాళ్ళ వరస అంటారు. రాళ్ళ సీమలో పుట్టిన ఆట కాబట్టి ఆ మర్యాద కూడా ఇక్కడే పుట్టింది. మన్ను కింద రాయైతే ఆ వరసకు చిక్కదు. పదిమంది పరుగెత్తాక మన్ను లేచిపోయి రాయి తల బయటపెడుతుంది. అప్పుడు నేల మీద పోయే బంతి దారి తప్పుతుంది. మన బంతి ఎట్లాగూ గాల్లోనే కదా, మనకేం నష్టం అని లెక్క వేసుకున్నాడు. ఇరవై ఆరు రాళ్ళు పెట్టాడు. చేస్తున్నంతసేపూ ఎవరి ముఖమూ తలుచుకోలేదు.

ఆదివారం తెల్లవారుజామున వాన పడింది. ఏళ్ళతరబడి మబ్బు చూసి మోసపోయిన మనిషి, ఆ ఒక్క సంగతీ లెక్కలో వేసుకోలేదు.

ఏడు గంటలకు గీతలు సరిచేద్దామని పోతే, వదులు మన్నంతా కొట్టుకుపోయి ఇరవై ఆరు రాళ్ళూ బయటపడి ఉన్నాయి. సున్నం గంపలో మోసిన రాళ్ళు కదా, వాన తగిలి ఆ సున్నం ఇంకా గట్టిగా అతుక్కుంది. ఎర్రమన్నులో తెల్లగా, వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టినట్టున్నాయి. నరసింహప్ప వంగి ఒకటి తీశాడు, రెండోది తీశాడు. అంతలో తుమ్మలచెరువు ఆటోలు హారన్లు కొట్టుకుంటూ వచ్చేశాయి. వెనకనే బండమిట్ట పిల్లలూ వచ్చారు. ఆయన చేతిలోని రాళ్ళు కింద పడేసి గట్టెక్కి నిలబడ్డాడు.

రాళ్ళ వరస కదిలింది. మధ్యకు వచ్చేసరికి రేఖ ఒక రాయి తీసి చూసి, గట్టు మీదున్న మేనమామను పిలిచింది.

“మామా, ఈ రాళ్ళకు సున్నం ఉండాది సూడు!”

నరసింహప్ప పక్కనే ఉన్న బయ్యన్న దిగిపోయి ఆ రాయి చేతిలోకి తీసుకున్నాడు. కింద చూశాడు. గడ్డపార మొన దిగిన గుర్తుతో గుంట ఉంది. ఇంకో గుంట, ఇంకో గుంట. ఆ ఊరంతా వెతికినా ఆ వేళ సున్నం గంప ఉన్నది ఒక్కరి ఇంట్లోనే. బయ్యన్న తల ఎత్తి నరసింహప్పను ఒక్కసారి చూశాడు.

“నిన్న మీ మామ గీతలు గీసినప్పుడు అంటింటాది లేమ్మా. ఏరండి, టైమవుతాండాది” అని, భుజం మీది టవలు పరిచి, పిల్లలు తీసిన తెల్లరాళ్ళన్నీ అందులో వేయించుకుని మూట కట్టాడు. కాలితో గుంటలన్నీ పూడ్చాడు. వచ్చి నరసింహప్పకు దూరంగా, ఇంకో గట్టు మీద కూర్చున్నాడు.

ఉమాదేవి నీళ్ళ సీసా కోసం గట్టు దగ్గరికి వచ్చింది. సీసా తీసుకుంది గానీ తాగలేదు.

“మేము గెలవమనుకుంటివా నాయనా?”

అంతే అడిగింది. తిట్టలేదు. నరసింహప్ప కొత్తగా చెప్పడానికేముంది, ఇరవై ఆరు సార్లు చెప్పేశాడు.

ఆట మొదలైంది. ఎప్పుడూ ఈల వేయకముందే మొదలయ్యే నరసింహప్ప కేకలు ఆ రోజు లేవు. “ఏమప్పా, గొంతు పాయెనా?” అని తిప్పేష్ భుజం కుదిపినా ఉలకలేదు, పలకలేదు. పావుగంట గడిచేసరికి తుమ్మలచెరువు పిల్లలు నడిమధ్య నుంచి నాలుగు పాసులు అల్లుకుంటూ వచ్చారు. బంతి తాను తవ్విన చోట్ల మీదుగానే జారిపోవడం నరసింహప్ప చూశాడు. రేఖ ఆ చోటనే పరుగెత్తి, ఆ చోటనే ఒంటికాలి మీద తిరిగి గోల్ కొట్టింది. ఆ కాలి కింద ఒక్క రాయి ఉండుంటే ఏమయ్యేదో అప్పుడు గానీ ఆయన బుర్రకు తట్టలేదు. తన చెల్లెలి కడుపున పుట్టిన పిల్ల. ఊరు ఊరంతా తల పట్టుకుంటే ఆయన రెండు చేతులూ జోడించాడు. గోలు పడినందుకు కాదు, పిల్ల పడనందుకు.

రెండో సగంలో ఉమాదేవి ఆడింది. ఎట్లా ఆడిందని చెప్పాలి? వచ్చిన బంతినల్లా ఆపింది. ఆపిన ప్రతిదాన్నీ గాల్లోకి లేపింది. ఒకటి ప్రసూన ముందర పడితే ప్రసూన తలతో తోసి సమం చేసింది. ఇంక అయిదు నిమిషాలుందనగా సగం గీతకు ఇవతల ఫ్రీకిక్ దొరికింది. ఉమాదేవి నాలుగడుగులు వెనక్కు పోయి, గట్టు వైపు ఒకసారి చూసి తన్నింది. బంతి అందరి తలల మీదుగా పోయి, గోల్‌కీపర్ చేతులకు పైన, కడ్డీకి కింద దూరింది.

ఎవరి సాయమూ లేకుండా, ఏ రాయి అడ్డమూ లేకుండా గెలిచారు.

జనం నరసింహప్పను ఎత్తుకోబోయారు. మొదట్నుంచీ చెప్పింది ఆయనే కదా! విడిపించుకుని బయ్యన్న దగ్గరికి పోయాడు. ఓడిన మనిషి కళ్ళల్లో నీళ్ళున్నాయి. టవలు మూట ముందుకు తోశాడు.

“ఇవి నీవే, తీస్కో.”

“బావా, నేను...”

“సంవత్సరం పొడుగునా నాతో వాదిస్తివి గదప్పా. నీ మాటలు ఇని ఇని, ఏమో, మీ పిల్లోళ్ళే గెలుస్తారేమోనని నాకు నమ్మకమొచ్చె. నీకు రాకపాయెనే!”

చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

ఆ పూట ఇంట్లో ఉమాదేవి మామూలుగానే అన్నం తింది, మామూలుగానే పడుకుంది. ఆట గురించి మాత్రం తండ్రితో ఒక్క మాటా మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున ఆంజినమ్మ హోటల్లో ఇసుక వేస్తే రాలదు. నరసింహప్ప రాగానే బల్ల ఖాళీ చేసి కూర్చోబెట్టారు. తిప్పేష్ అందరి ముందూ చేయెత్తి చెప్పాడు, “గెలుస్తారని ఒక్క మాట మీద నిలబడింది మా నర్సింహప్ప మామ ఒక్కడే. మామా, చెప్పు, ఫస్ట్ డివిజన్‌లో మన ఛాన్సెంత?”

ఎదురుగా బయ్యన్న ఉన్నాడు. రోడ్డవతల కాలేజీ బస్సు కోసం ఉమాదేవి, ఇంకో ఇద్దరు జట్టుపిల్లలు నిలబడి ఉన్నారు. నరసింహప్ప టవలు మూట బల్ల మీద పెట్టి ముడి విప్పాడు.

“వద్దు బావా, పోనీలే” అన్నాడు బయ్యన్న.

“వద్దంటే ఎట్ల?” నరసింహప్ప గొంతు ఎప్పటిలాగే రోడ్డవతలికి వినబడేటంత పెద్దది. “ఈ రాళ్ళు నేనే పెట్టింటి, గ్రౌండు నడిమిట్లో. వాన దేవుడు బయటేసె. మనోళ్ళు గెలుస్తారని ఈడ అరిచింది నేనే, గెలవరని గుంటలు తవ్వింది నేనే. నా కోడలు కాలిరగ్గొట్టుకోనుండె. మా బావ నన్ను కాపాడె. నన్ను పొగడొద్దండి. నాకంటే ఆ పిల్లోళ్ళకే నమ్మకముండె.”

తిప్పేష్ ఎత్తిన చేయి దించుకున్నాడు. ఎవడో గొణుక్కుంటూ లేచి పోయాడు. ఆంజినమ్మ ఒక్కతే వచ్చి, ఇద్దరి మధ్య ఎప్పటిలాగే ఒక ప్లేటు బజ్జీలు పెట్టి పోయింది. బయ్యన్న కాసేపు ఆ ప్లేటు వంక చూసి, ఒక బజ్జీ తుంచి సగం నరసింహప్ప వైపు జరిపాడు.

బస్సు దుమ్ము కనబడింది. ఉమాదేవి రోడ్డు దాటి వచ్చింది. బల్ల మీదున్న రాళ్ళలో ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, పుస్తకాల సంచిలో వేసుకుంది. తండ్రి తల ఎత్తలేదు.

“నాయనా, వచ్చే నెల మొదటి మ్యాచ్ అనంతపురంలో. మేము ఓడిపోయినా పోవచ్చు” అంది. బస్సు వచ్చి ఆగింది. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కు తిరిగింది.

“నిన్న నీ గొంతు ఇనపడకపాయె నాకు. ఆడికి తెచ్చుకో.”