ఎండ్రికాయల వేటకు మల్లేష్ ఒక్కడే

మల్లేష్ వేటకు ఒక్కడే పోతానన్నాడు. అన్నది ఎవరి ముందు? తోడల్లుడు పరుశురాం ముందు! ఇక వెనక్కి తగ్గితే తలెత్తుకొని తిరగగలడా?

సంగతేమిటంటే, బతుకుదెరువుకు ఊరుగాని ఊరు భేస్తాన్ వచ్చి మరమగ్గాలు నడిపే మన సిరిసిల్ల వైపు మనుషులు సెలవు దొరికితే చాలు, నలుగురైదుగురు కలిసి డుమ్మస్ తీరం పక్కనున్న ఖాడీకి ఎండ్రికాయలు పట్టడానికి పోతారు. ఖాడీ అంటే సముద్రం నుంచి నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. ఆ బురద ఎవడి పట్టా భూమీ కాదు, ఎవరు పట్టుకుంటే వాళ్లదే. ఈ దండుకు నాయకుడు పరుశురాం. ఏ బొక్కలో ఇనుప కొక్కెం దూర్చాలో చెప్పేది అతడే, చివర్లో పోగులు పెట్టి పంచేదీ అతడే. తొమ్మిదేళ్లుగా మల్లేష్ పని సంచి పట్టుకోవడం. తొమ్మిదేళ్లుగా అతడి పోగులో పడేవి పెద్దకాళ్లు ఊడిపోయిన బక్క ఎండ్రికాయలు.

అదీ సహించాడు పాపం. కానీ అత్త కనకవ్వ ఊరినుంచి వచ్చినప్పుడల్లా గిన్నె తుడుచుకు తింటూ, "పెద్దల్లుడు తెచ్చిన ఎండ్రికాయల పులుసు తింటే పాణం లేచొస్తది" అనేది. అప్పుడు మాత్రం మల్లేష్‌కు ఒళ్లు మండిపోయేది. సంచి మోసిందెవరు? చిన్నల్లుడు మనిషి కాదా? ఈసారి ఆమె తన చేతి వేట తినాలి, ఆ మాటేదో తననే అనాలి. అతడికి కావలసింది అంతే.

"ఒక్కనివే పోతవా? నువ్వా?" అని పరుశురాం పొట్ట పట్టుకొని నవ్వాడు. "జర పైలం తమ్మీ! ఎండ్రికాయే నిన్ను సంచిల ఏసుకొని పోతది."

ఆ నవ్వు మల్లేష్‌ను నిద్రపోనివ్వలేదు. వేటకు ముందటి ఆదివారమే చడీచప్పుడు లేకుండా ఖాడీకి పోయి తనిఖీ చేసి వచ్చాడు. పదింటికి చేరేసరికి నీళ్లు ఎక్కడో దూరాన ఉన్నాయి, బురదంతా బొక్కలే. కార్ఖానాలో మిగిలిన దారప్పోగులు చుట్టిన పుల్లలు తీసుకెళ్లాడు. పెద్ద బొక్క పక్కన ఎర్రదారం పుల్ల, చిన్నదాని పక్కన పచ్చదారం పుల్ల గుచ్చాడు. ఇంటికొచ్చి కూతురి నోటుబుక్కు లాక్కొని పట్టీ రాశాడు: కొక్కెం, గోనెసంచి, మంచినీళ్లు, పాత చెప్పులు, నిమ్మకాయ ఒకటి.

"మన పెండ్లికి గూడ గింత రాసుకోలే నువ్వు" అంది భార్య మంగ.

"పెండ్లిల పెద్దమనుషులున్నరు. గిక్కడ నేనొక్కన్నే."

అన్నిటికంటే పైన రాసి రెండు గీతలు కొట్టిన మాట ఒకటుంది: 'సరిగ్గా పదింటికి.' పరుశురాంలో అతడికి నచ్చనిది ఆ వేళాపాళా లేనితనమే. ఒక వారం కోడి కూయకముందే లేపుతాడు, ఇంకో వారం మిట్టమధ్యాహ్నం ఎండలో నడిపిస్తాడు. అంతా తన ఇష్టారాజ్యం! మగ్గం మీద ఇట్లా చేస్తే సేఠ్ ఊరుకుంటాడా? తన వేట అట్లా ఉండదు. గంట కొట్టినట్టు పదింటికి.

శుక్రవారం కనకవ్వ దిగింది. ఆదివారం పొద్దున్నే మంగ కారం నూరింది, చింతపండు నానబెట్టింది. "పొయ్యి మీద గిన్నె పెట్టుండ్రి. పన్నెండున్నరకు నేనిక్కడుంట" అని చాటింపు వేసి మల్లేష్ బయలుదేరాడు.

పదింటికి ఖాడీ ఒడ్డున నిలబడ్డాడు. బురద లేదు. పుల్లలు లేవు. ఎటు చూసినా నీళ్లే! చోటు తప్పానేమోనని వెనక్కి పోయి కరెంటు స్తంభం చూసుకున్నాడు. అదే చోటు.

వల చిక్కులు తీసుకుంటున్న ఒకావిడ అతడి వాలకం చూసి నవ్వింది. "భర్‌తీ హై భాయ్. చార్ బజే పానీ ఉత్రేగా." ఇప్పుడు పోటు మీదుందని, నాలుగింటికి గాని పూర్తిగా దిగదని, నీళ్లు రోజుకు ముప్పావుగంట చొప్పున ఆలస్యమవుతాయని, పోయిన వారం పదింటికి దిగినవి ఈ వారం పదింటికి నిండుతాయని హిందీలో విడమరిచి చెప్పింది.

మల్లేష్ నెత్తి కొట్టుకున్నాడు. పదిహేను రోజులకోసారి పగటి డ్యూటీ నుంచి రాత్రి డ్యూటీకి మారే మనిషికి, సముద్రానికీ డ్యూటీ మారుతుందని తట్టలేదు చూశారా! పరుశురాంది ఇష్టారాజ్యం కాదన్నమాట. నీళ్లు చూసుకొని నడిపించాడన్నమాట. అది అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

వచ్చిన దారిలోనే చేపల మార్కెట్టుంది. అక్కడ లావుపాటి ఎండ్రికాయలు బుట్టలకొద్దీ ఉంటాయి. కొనుక్కొని పోయి నేనే పట్టానంటే ఎవరికి తెలుస్తుంది? రెండడుగులు అటు వేశాడు కూడా. కానీ అత్త మెచ్చుకుంటే ఆ మెప్పు మార్కెట్టు వాడిదవుతుంది కదా. తిరిగొచ్చి రాయి మీద కూలబడి మంగకు ఫోన్ చేశాడు.

"నీళ్లు మీదికచ్చినయే. దిగేదాంక కూసుంట. మీరు పప్పు చేసుకొని తినుండ్రి."

పులుసుకని వచ్చి కూర్చున్న పరుశురాం నవ్వు ఫోన్లో ఖంగుమని వినిపించింది.

ఒంటిగంటకు ఆకలేసి సంచి తడుముకున్నాడు. పట్టీలో అన్నీ రాసినవాడు తిండి రాసుకోవడం మరిచాడు మరి. నిమ్మకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మూడింటికి బురద బయటపడింది, ఎర్రదారాలు వేలాడేసుకొని పుల్లలు ఒక్కొక్కటే తేలాయి. కొక్కెం దూర్చి లాగితే మొదటిది బొటనవేలు పట్టుకొని వదల్లేదు. "అవ్వో!" అని అరిచాడు. విడిపించడానికి ఎవరున్నారు? తానే విడిపించుకున్నాడు. నీళ్లు మళ్లీ ఎక్కేలోపు నాలుగు పట్టాడు, ఒకటి జారిపోయింది.

ఆరింటికి ఇల్లు చేరేసరికి గుమ్మంలోనే పరుశురాం. "ఏంది తమ్మీ, సముద్రం ఛుట్టీ ఇచ్చిందా?"

మల్లేష్ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ పొద్దంతా కూర్చున్నవాడికి అబద్ధమాడే ఓపిక ఎక్కడిది? "తప్పు నాదే అన్న. నువ్వు యాళలెందుకు మారుస్తవో తొమ్మిదేండ్లల ఒక్కపారన్న అడగలే."

పరుశురాం దగ్గర ఇంకో వెక్కిరింత సిద్ధంగా ఉంది. అది పక్కన పెట్టి, గుమ్మంలోంచి జరిగి దారిచ్చాడు.

మంగ సంచి అందుకుంటూ గుసగుసలాడింది. "అవ్వ పొద్దటి సంది ముద్ద ముట్టలే. ఎంత చెప్పినా ఇనలే."

"ఏందత్తా గిది?" అన్నాడు మల్లేష్.

"చిన్నల్లుడు తెస్తనన్నడు గదా" అంది కనకవ్వ, తప్పేమీ లేనట్టు. "పప్పుతోని కడుపు నింపుకుంటే ఎండ్రికాయ యాడ పడ్తది?"

మూడంటే మూడు ఎండ్రికాయలు. గిన్నెలో పులుసే ఎక్కువ. కనకవ్వ ఒక్కో కాలూ కొరికి, పీల్చి, గిన్నె తుడుచుకు తిన్నది. మల్లేష్ ఆమె నోటికేసే చూస్తున్నాడు. 'పాణం లేచొస్తది' అనే మాట మాత్రం రాలేదు. చేయి కడుక్కొని కొంగుకు తుడుచుకొని ఇంకో మాట అడిగింది.

"మళ్ల ఐతారం నీళ్లెప్పుడు దిగుతయి?"

పరుశురాం గొంతు సవరించుకున్నాడు.

"నిన్నడగలే" అని కనకవ్వ మల్లేష్ వైపు తిరిగింది.

మల్లేష్ వచ్చే ఆదివారం దాకా వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. మళ్లీ ఇంకోసారి లెక్కపెట్టాడు. "పొద్దుగాల పదింటికత్తా."

పరుశురాం తల ఊపాడు, సరిగ్గానే ఉందన్నట్టు.

"గట్లయితే బుధవారం బండికి నేను పోను. ఐతారం తినే పోత" అంది కనకవ్వ. "పెద్దల్లుడా, నువ్వు గూడ చిన్నల్లునెంబడి పో. ఒక్కడు ఎన్నని పడ్తడు?"

పరుశురాం మల్లేష్ పక్కన కూర్చొని, మెల్లగా అడిగాడు.

"ఎన్నింటికి లేవాలె తమ్మీ?"