బీబమ్మ చాదర్

మా ఆయన బాలస్వామికి తెలుగు అక్షరమే రాదు, ఇక అరబ్బీ సంగతి చెప్పాలా? అయినా ముప్పై ఏళ్లు మక్తల్‌లో ఉస్తాదు ఖాజామియా దగ్గర దర్గా చాదర్ల మీద జరీ పని చేశాడు. ఉస్తాదు కాగితం మీద అరబ్బీలో పేరు రాసి, గీత వెంట సూదితో బెజ్జాలు పొడిచి, గుడ్డ మీద పరిచి సుద్దపొడి రుద్దేవాడు. పొడి దిగిన చోటల్లా ఈయన కుట్టేవాడు.

పోలీసు యాక్షన్ తర్వాత ఉస్తాదు భయపడి రాయచూరు వెళ్లిపోయాడు. మా వాడకట్టు బీబమ్మ కొడుకు ఖాసింను జైల్లో పెట్టారు. రజాకార్లకు చాయ పోశాడట, అంతే నేరం. ఈ ఉర్సుకు దర్గాలో వలీ సమాధి మీద చాదర్ కప్పితే కొడుకు ఇల్లు చేరతాడని ఆమె మొక్కుకుంది. ఉస్తాదు వదిలి వెళ్లిన బెజ్జాల కాగితం ఒకటి ఉంది, ఆ వలీ పేరుతో. మా ఆయన మీసం దువ్వి, తానే కుడతానని ఒప్పుకున్నాడు.

"కాగితం ఏ దిక్కు మీదికి పెట్టి పరువాల్నో ఎరికేనా?" అని అడిగాను.

"ముప్పయేండ్ల సంది చూస్తున్న. నువ్వు నాకు నేర్పుతవా?"

రెండు నెలలు రోజూ తలస్నానం చేసి కుట్టాడు. పొగకు జరీ నల్లబడుతుందని పోపు కూడా పెట్టనివ్వలేదు. పచ్చిపులుసు తిని తిని నా నోరు చచ్చిపోయింది.

ఉర్సు బండి కదిలే ముందురోజు బీబమ్మ వచ్చింది. చిన్నప్పుడు ఖురాన్ చదువుకున్న మనిషి. మురిసిపోతూ అక్షరాల మీద వేలు పెట్టింది. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

"బాలస్వామీ, గిది ఉల్టా ఉన్నదయ్యా!"

కాగితాన్ని బోర్లా పరిచాడు మహానుభావుడు! అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి.

"ఇప్పి మళ్ల కుడుతనమ్మా," అన్నాడు మా ఆయన.

"తెల్లారితే బండి! ఎప్పుడు కుడతవు?" తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను.

బీబమ్మ చాదర్ బిగించిన చట్రం పక్కనే నేల మీద కూలబడింది. "నా మొక్కు పాయె. నా ఖాసిం రాడు," అని ఏడ్చింది. నాకూ దుఃఖం ఆగలేదు, వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

ఎత్తు పీటల మీద ఉన్న చాదర్ అడుగు వైపు మా తలలకు పైన కనిపిస్తోంది. ఏడుస్తూనే అటు చూసిన బీబమ్మ పెదవులు కదిలాయి. చదువుతోంది!

"కింద అస్తరు గుడ్డ ఏస్తవా, బాలస్వామీ?"

"ఏస్తనమ్మా, ఇంక ఎయ్యలే."

"ఎయ్యకు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పైనున్న మనకే ఉల్టా. కింద పండుకున్నాయనకు సక్కగనే కనవడ్తది. నా పోరని సంగతి చెప్పుకునేది గూడ ఆయనకే గద."