మాస్టారి చేతులు

ల్యాబ్ మాస్టారిది వెన్నలాంటి మనసని ఇంజినీరింగ్ పిల్లలంతా అంటారు. సోల్డరింగ్ క్లాసులో అబ్బాయెవరైనా తీగ అతకక తంటాలు పడుతుంటే, "మళ్ళీ చెయ్యరా, వస్తుంది," అని ముందుకు సాగిపోతారు. అదే అమ్మాయైతే మాత్రం ఆయన ప్రాణం ఊరుకోదు. "ఇలా తేమ్మా," అంటూ సోల్డరింగ్ ఐరన్ అందుకుని, చిటికెలో తీగ అతికించి, బల్బు వెలిగించి మరీ ఇస్తారు.

ఆ రోజు, అందరూ పిడుగని పిలిచే అమ్మాయి ఐరన్ ఇవ్వలేదు.

"పక్క బెంచీ వాడికైతే మళ్ళీ చెయ్యమని చెప్తారు మాస్టారూ. నాకేమో చేసిపెడతారు. ఇక నేనెప్పుడు నేర్చుకునేది?"

"నువ్వు అవస్థ పడుతుంటే చూడలేకమ్మా."

"వాడు పడుతుంటే చూస్తున్నారుగా."

తాను ప్రేమనుకున్నది ఇన్నేళ్ళుగా ఎంతమంది ఆడపిల్లల చేతుల్లోంచి పని లాగేసుకుందో మాస్టారికి అప్పుడు తెలిసొచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. అవి ఊరుకుంటేనా? ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవలసి వచ్చింది.

కరిగిన సీసం ఉండకట్టింది. తీగ ఊడిపోయింది. బల్బు వెలగలేదు. పిడుగు తలెత్తి ఆయన వంక చూసింది.

మాస్టారు చేతులు విప్పలేదు. "మళ్ళీ చెయ్యమ్మా. వస్తుంది."

ఆ మాట కోసమే ఏడాదిగా కాచుకున్నదానిలా ఆ పిల్ల ముఖం విప్పారింది. ఊడిన తీగ తీసుకుని మళ్ళీ బల్ల మీదకి వంగింది.

"రాక ఎక్కడికి పోతుంది మాస్టారూ."