నగ్లా పేరు మీద నీళ్ళు

ఈజిప్టులోని మిన్యా ఊరి చివర కడుతున్న అపార్ట్‌మెంట్ల సైట్లో భద్రత చూసుకునే ఇంజనీరు నెర్మీన్. విషపు మందులుంచే గది ఆమె పట్టుబట్టి కట్టించిందే. చుట్టూ ఇనుప జాలీ, కారినా నేలలోకి ఇంకకుండా సిమెంటు గట్టు, తలుపు మీద పుర్రె బొమ్మ. ఆ పుర్రెకు ఎవరో సుద్దతో మీసాలు పెట్టారు. నెర్మీన్ తుడిపించలేదు. మీసాల కోసమైనా జనం అటు చూస్తున్నారు కదా అని ఊరుకుంది.

ఆ ఉదయం, పాత పీపాలు తీసుకెళ్ళే లారీ కోసం లెక్కపెడితే, పునాదుల్లో కొట్టే చెదల మందు తాలూకు ఖాళీ పీపాల్లో ఒకటి తగ్గింది.

"ఇంకోటేదీ వహ్బా?"

స్టోరు చూసే వహ్బా టీ ఊదుకుంటున్నాడు. "ఎక్కడికి పోతుంది, దానికేమన్నా కాళ్ళున్నాయా?"

"ఖాళీ అవగానే అడుగున కన్నాలు పొడవమన్నానా లేదా?"

"లారీ వచ్చే ముందు అన్నీ కలిపి పొడుద్దామనుకున్నా. మీరొచ్చాక ఈ సైట్లో పీపాలక్కూడా ప్రాణభయం పట్టుకుంది తల్లీ."

"ఏదీ అంటే?"

వహ్బా గ్లాసు కింద పెట్టాడు. "ఖలఫ్ బాబాయ్ అడిగాడు. కూతురు పోయిన దుఃఖంలో ఉన్నాడు, పుణ్యానికి అడిగాడు. ఎలా కాదంటాను?"

నెర్మీన్ గేటు వైపు పరుగులాంటి నడకతో వెళ్ళింది.

గేటు బయట గోడ నీడలో ఇటుకల దిమ్మె. దాని మీద తడి గోనెపట్టా చుట్టిన పీపా, కుళాయి, గొలుసుకు కట్టిన సత్తుగ్లాసు. దారినపోయేవాళ్ళ కోసం కాపలాదారు ఖలఫ్ ఎండాకాలం మొదట్లో పెట్టిన సబీల్, పుణ్యానికి పెట్టే చలివేంద్రం అది. పోయిన కూతురి పేరు మీద, 'నగ్లా కోసం ఒక ఫాతిహా ప్రార్థన చదవండి' అని గోనె మీద రంగుతో రాయించాడు. నెర్మీన్ కూడా ఇక్కడ తాగింది, చదివింది. గోనె కింద ఏముందో ఏనాడూ ఎత్తి చూడలేదు. ఇప్పుడు ఎత్తింది. నీలం పీపా. చీటీ గీకేసిన మచ్చ.

ముందు కుళాయి గట్టిగా బిగించి, గ్లాసును గొలుసు నుంచి ఊడదీసింది.

"అదేంటి ఇంజనీరమ్మా?" ఖలఫ్ లేచొచ్చాడు. పెదవి చివర్న కారుతున్న చొంగను చేత్తో తుడుచుకున్నాడు. వయసు మీదపడిందని ఆమె ఇన్నాళ్ళూ అనుకున్న ఆ చొంగ, ఆ చేతి వణుకు ఈ మందు లక్షణాలే.

ఆమె చెప్పింది. ఏ మందో, అది ప్లాస్టిక్‌లోకి ఎలా ఇంకుతుందో, నీళ్ళలోకి మెల్లగా ఎలా దిగుతుందో చెప్పింది. కాలేజీలో పరీక్షకు రాసినట్టే వచ్చాయి మాటలు.

"సబ్బేసి కడిగాను కదా. ఎండలో పెట్టాను. వాసన పోయిందాకా పెట్టాను. ముందు నేనే తాగి చూశాను."

"కడిగితే పోయేది కాదు బాబాయ్."

ఖలఫ్ దిమ్మె మీద కూలబడ్డాడు. "నా నగ్లాకి కిడ్నీలు పోయాయి. చివర్లో డాక్టర్లు నీళ్ళు కొలిచి పోయమన్నారు. నేనే కొలిచేవాణ్ణి. ఇంకొంచెం నాన్నా, ఇంకొంచెం నాన్నా అనేది. అందుకే దాని పేరు మీద కొలత లేకుండా పెట్టాను."

నెర్మీన్ పక్కనే కూర్చుంది. అడగాల్సింది అడిగింది. "తాగినవాళ్ళందరికీ పరీక్షలు చేయించాలి. ఎవరెవరు తాగేవాళ్ళు?"

"సబీల్ దగ్గర పేర్లడుగుతారా? తాగేవాళ్ళు మొహమాటపడతారని అటు తిరిగి కూచునేవాణ్ణి. మాటే వినపడేది. దేవుడు నగ్లాను కరుణించాలి అనేవాళ్ళు."

"ఆరోగ్య శాఖకి ఫోన్ చేస్తున్నాను. మసీదు మైకులో కూడా చెప్పించాలి."

"చెప్పించండి." ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "దాని పేరు మాత్రం రానివ్వకండి. ఖలఫ్ అనే వెధవ విషం పెట్టాడని చెప్పండి. పుణ్యం దానికి చేరుతుందన్నారు మసీదు షేకుగారు. మరి ఇది? ఇదీ దానికే చేరుతుందా?"

"చేరదు బాబాయ్," అంది. "కానీ నీ పేరు వాళ్ళకి తెలీదు. సైటు గేటు అంటే చాలా గేట్లున్నాయి. ఇవి ఏ నీళ్ళని అడిగితే అందరూ చెప్పేది ఒక్కటే, నగ్లా నీళ్ళని."

ఖలఫ్ గోనె మీది అక్షరాలను చూశాడు. చదువురాదు, ఆ ఒక్క పేరు మాత్రం గుర్తుపడతాడు. లోపలికి వెళ్ళి గునపం తెచ్చాడు. పీపా అడుగున తనే పొడిచాడు. నీళ్ళు ఇసుకలోకి పోతుంటే, "గదిలోకి మోయించండి, కింద కారనివ్వకండి," అని తన వెనకాలే వచ్చిన వహ్బా మీద నెర్మీన్ అరిచింది. అరిచాక ఏడుపొచ్చింది.

"వేరేవాళ్ళు చెప్పొద్దు," అన్నాడు ఖలఫ్. "నేనే చెబుతాను." తలపాగా సర్దుకుని మసీదు వైపు నడిచాడు.

నెర్మీన్ గేటు దగ్గరే ఫోన్లో డాక్టరుకు మందు పేరు చెబుతోంది. మసీదు మైకు గరగరలాడింది.

"నా కూతురు నగ్లా పేరు మీద..."

ఆ గొంతు అక్కడే ఆగిపోయింది. రోడ్డు మీద ఆకుకూరల గంపతో వెళ్తున్న ఆవిడ, ఆ పేరు వినగానే అలవాటుగా ఆగి, అరచేతులు పైకెత్తింది.

"దేవుడు ఆ బిడ్డను కరుణించాలి," అంది.

మైకు మళ్ళీ గరగరలాడింది.