సంవత్సరం లేని తేదీ

పత్రికలో ప్రూఫులు దిద్దడం నా పని. నెలాఖరుకల్లా, వచ్చే నెలలో వేయడానికి, సమాచార శాఖ నుంచి ‘తెల్లదొరల కాలంలో ఈ నెల’ అని ఒక జాబితా వస్తుంది. ఏ తేదీన ఎవరిని ఉరితీశారో, ఎక్కడ కాల్పులు జరిపారో అందులో ఉంటుంది. అది రాసే గుమాస్తాకి ఒత్తులంటే పగ. అతణ్ణి తిట్టుకోకుండా నేను ఒక్క నెలా దిద్దలేదు.

ఈసారి మొదటి పంక్తికే ఒళ్ళు మండింది. ‘మూడో తేదీ: మిల్లు గేటు దగ్గర జరిగే కాల్పులు. మృతులు పన్నెండు మంది.’ సంవత్సరం లేదు. ‘జరిగిన’ అని రాయడం కూడా చేతకాలేదు మహానుభావుడికి.

ఫోను చేసి, ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పి మరీ కడిగేశాను. “ఏమండీ, ఈ కాల్పులు ఏ దొర హయాంలోవి? కాస్త చూసి ఏడవండి.”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత అతని గొంతు సన్నబడింది.

“అమ్మా, అది మీ జాబితాలోది కాదు. వేరే ఫైల్లోది, పొరపాటున కలిసిపోయింది. కొట్టేయండి.”

పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ మా మరిది అన్న మాట గుర్తొచ్చింది. “వదినా, మూడో తేదీన మిల్లు గేటు దగ్గర సమ్మె సభ. ముందు మాట్లాడేది నేనే.”

“మీవాళ్ళెవరూ మిల్లులో లేరు కదమ్మా?” అన్నాడు గుమాస్తా.

“లేరండి,” అన్నాను.

అవతల మళ్ళీ కాగితం తిప్పిన చప్పుడు.

“ఈ ఫైల్లో పన్నెండు పేర్లున్నాయమ్మా. మొదటిదానికి మీ ఇంటిపేరే ఉంది.”