జనరల్ షిఫ్టు మనిషి

కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో అప్పన్న పెద్ద పానాను తుడిచి, వెలుతురుకేసి పట్టి చూసి, అరలో పెట్టాడు. రేపు విశ్వకర్మ పూజ. టూల్‌రూమ్‌లోని సుత్తులూ పానాలూ తెల్లారేసరికి పెళ్ళికొడుకుల్లా మెరవాలి. ఇంతలో కిటికీలోంచి ఒక ఫిట్టరు ఇత్తడి బిళ్ళ చాపాడు. దాన్ని మేకుకు తగిలించి అతనికి రెంచి అందించాడు. బిళ్ళ ఇచ్చినవాడికి పనిముట్టు, పనిముట్టు తిరిగిచ్చినవాడికి బిళ్ళ. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా, ఆదివారం తప్ప, అదే అతని ఉద్యోగం.

పొట్టి మనిషి. యాభై దాటాయి. గోళ్ళ చుట్టూ ఏ సబ్బుకూ లొంగని గ్రీజు, ఎడమ కనుబొమ మీద నిప్పురవ్వ పడిన మచ్చ. ఆ మచ్చ కొలిమి దగ్గర మూడు షిఫ్టుల్లో తిరిగిన కాలంనాటిది. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. బతుకుదెరువుకు వచ్చిన ఆ ఉత్తరాది ఉక్కు ఊళ్ళో, భుయ్యాడీహ్ బస్తీలోని ఒంటిగది కిటికీకి నల్ల ప్లాస్టిక్ కట్టి, పగటిని రాత్రిగా చేసుకుని పడుకునేవాడు. "నాన్న తొంగున్నాడే గుంటా, సప్పుడు సెయ్యకు" అని భార్య సూర్యకాంతం అంటుంటే కూతురు ఉజ్వల నడక నేర్చిందే మునివేళ్ళ మీద. ఇప్పుడు కాలేజీకి వెళుతోంది. ఇంట్లో ఇప్పటికీ అలాగే నడుస్తుంది.

ఎప్పుడూ పగలే ఉండే ఈ జనరల్ షిఫ్టు ఎంత వరమో షిఫ్టుల్లో తిరిగినవాడికే తెలుస్తుంది. చీకటి పడితే నిద్ర రావడం, ఆదివారం ఆదివారంలా ఉండడం, సాక్చీ బజారులో సూర్యకాంతం వంకాయలు బేరమాడుతుంటే సంచి పట్టుకుని పక్కన నిలబడడం, ఇవన్నీ అప్పన్నకు భోగాలే.

"ఏటల్లుడూ, పానా తుడవమంటే బుగ్గ నిమిరినట్టు నిమురుతన్నావు. గట్టిగా రుద్దాల" అన్నాడు నవ్వుతూ, పక్కన పానా తుడుస్తున్న కుర్రాడితో.

ప్రేమ్‌కుమార్ కూడా నవ్వాడు. సూపర్‌వైజరు పైడిబాబు అల్లుడతను. వారం నుంచి పని నేర్చుకుంటున్నాడు. ఇన్నాళ్ళకు తనకో తోడు దొరికిందని అప్పన్న సంతోషించి, దాచుకోకుండా అన్నీ చెప్పాడు.

"మీ మావకీ నానే నేర్పాను. సుత్తి ఏ పక్క పట్టుకోవాలో తెల్దు ఆడికి."

"సచ్ మే, అంకుల్?"

నిజమే. పలాస నుంచి చేతిసంచితో దిగిన పైడిబాబుకు ఆ ఒంటిగదిలోనే చోటిచ్చారు. ఉన్నది ఒక్కటే మంచం. అప్పన్న రాత్రి డ్యూటీకి వెళితే దాని మీద పైడిబాబు పడుకునేవాడు. తెల్లారి అప్పన్న వచ్చి, అతని ఒంటి వేడి ఇంకా ఆరని ఆ మంచం మీదే వాలేవాడు. పనిలో పెట్టించిందీ అప్పన్నే. చదువు కాస్త ఉన్నవాడు కనుక పైడిబాబు పైకెదిగాడు. అందుకూ అప్పన్న గర్వపడ్డాడు.

ఆ వర్క్‌షాపులో ఒక ఆనవాయితీ ఉంది. పూజకు ముందురోజు సాయంత్రం సూపర్‌వైజరు కొత్త గంచా తెచ్చి టూల్‌రూమ్ మనిషి మెడలో వేస్తాడు. ఆ తువ్వాలు వేసుకున్నవాడే మర్నాడు పనిముట్లకు మొదటి బొట్టు పెడతాడు. వచ్చే పూజ దాకా తాళంచెవి అతనిదే.

నాలుగున్నరకు పైడిబాబు వచ్చాడు. చేతిలో ఎర్రంచు గంచా. వెనక నలుగురు ఫిట్టర్లు. అప్పన్న చేతులు తుడుచుకుని, ఏటా చేసినట్టే తల వంచాడు.

మెడ మీద ఏమీ పడలేదు.

తలెత్తేసరికి గంచా ప్రేమ్‌కుమార్ భుజాల మీద ఉంది. ఫిట్టర్లలో ఒకడు దగ్గాడు. ఇంకొకడు బూట్ల కేసి చూసుకున్నాడు.

"పైనుంచి ఆర్డరొచ్చింది బావా" అన్నాడు పైడిబాబు, అరలకేసి చూస్తూ. "పని పోదులే. సోమారం నుంచి యార్డులో డూటీ. మొదటి వారం నైటు."

ప్రేమ్‌కుమార్ తెల్లబోయి మావకేసి తిరిగాడు. "లేకిన్ పాపా, ఆప్ తో బోలే థే అంకుల్ రిటైర్ హో రహే హై!"

అప్పన్న రిటైరవుతున్నాడని అల్లుడికి చెప్పాడన్నమాట. అప్పన్నకు మాత్రం పైవాళ్ళ ఆర్డరని చెప్పాడు. పైడిబాబు మెడ ఎర్రబడింది.

"నా మంచం మీద తొంగున్నోడివి" అన్నాడు అప్పన్న మెల్లగా. "ఇంటికొచ్చి, బావా, అల్లుడికి కావాలని అడగలేకపోయావేట్రా? నానే ఇచ్చేద్దునేమో."

"అది కాదు బావా... సోమారం నాగా పెట్టకు. మిగతాది నాను సూసుకుంటా."

"నేదురా పైడీ, ఇంక రాను. పగలు తొంగోడం మర్చిపోయాను నాను."

సైరను మోగింది. ఫిట్టర్లు ఒక్కొక్కరే పనిముట్లు ఇచ్చి బిళ్ళలు తీసుకున్నారు. ఆఖరివాడిదాకా అప్పన్నే అందుకున్నాడు. మొలతాడున ఉన్న తాళంచెవి విప్పి ప్రేమ్‌కుమార్ చేతిలో పెట్టాడు.

"కింద సొరుగు లాగితే రాదు బాబూ. కూసింత ఎత్తి లాగాల."

టిఫిన్ క్యారియరు తీసుకుని బయటికి నడిచాడు. సన్నగా తుంపర పడుతోంది. గేటు దగ్గర సైకిళ్ళ గుంపులో అతని నెరిసిన తల కాసేపు కనిపించి, తర్వాత కనిపించలేదు.

టూల్‌రూమ్‌లో కిటికీ పక్క స్టూలు మీద, సూర్యకాంతం పాత చీరముక్కలతో కుట్టిన మెత్త ఉంది. దాని నడుమ, ఒక మనిషి కూర్చుని లేచిన గుంట ఇంకా పూడలేదు.