ముగ్గురికి దిగిన ముల్లు

చాంది కాల్లో ముల్లు దిగితే ఆ ఇంట్లో ముగ్గురు కుంటేవాళ్లు. నాన్న భద్రు అరక ఆపి గట్టు మీద కూలబడేవాడు. కన్నతల్లి గోరి రొట్టెను పెనం మీదే వదిలేసి పాదం పట్టుకునేది. పూలి నీళ్ల బిందె దించి, ముల్లు ఎక్కడ దిగిందో ముందు తన కాల్లో వెతుక్కునేది. తండాలో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. బిడ్డ దెబ్బ పెంచినవాళ్లకు తగలక ఇంకెవరికి తగులుతుందనేవాడు పెద్దాయన హేమ్లా. ఆ ఇంటికి ఆముదం ఖర్చెక్కువని ఎగతాళి మాత్రం చేసేవాళ్లు.

పూలి గోరికి చిన్ననాటి నేస్తం. పసిబిడ్డ పోయి, మొగుడు వదిలేసి, దిక్కులేక ఆ ఇంటికొచ్చింది. అప్పుడు గోరి బాలింత జ్వరంతో పడివుంటే చాందికి తన పాలిచ్చి బతికించింది. అప్పట్నుంచి పిల్లకు ఇద్దరూ యాడులే, అంటే తండా మాటలో ఇద్దరూ అమ్మలే. ఎవరడిగినా ముగ్గురి పేర్లూ చెప్పాలని పిల్లకు ముచ్చటగా నేర్పారు కూడా.

ఆ ముచ్చటే కొంప ముంచింది. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని దమ్మపేట వైపంతా పుకారు. పూలి చాందిని ఏన్కూరు సంతకు తీసుకుపోతుంటే బస్సులో పోలీసు ఆపాడు. ఈమె ఎవరని అడిగితే యాడి అంది పిల్ల. మీ అమ్మ పేరేంటంటే గోరి అంది. మరి ఈమె పేరంటే పూలి అంది. అంతే, ఇద్దర్నీ దింపేశాడు. పిల్లను పట్నంలో హాస్టల్లో పెట్టారు, పూలి మీద కేసు రాశారు.

భద్రు జామీను తెచ్చి పూలిని విడిపించాడు గానీ, ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఒక పొద్దున ముగ్గురి మోకాళ్లూ చెక్కుకుపోయాయి. ఇంకోనాడు ముగ్గురి వీపుల మీదా బెత్తం వాతలు తేలాయి. ఒకరి వీపుకు ఒకరు ఆముదం రాసుకున్నారు. రేపేం తేలుతుందోనని ముగ్గురికీ భయం.

వాయిదా రోజు జడ్జి నెమ్మదిగానే చెప్పాడు. చట్టంలో తల్లి ఒకరు, తండ్రి ఒకరు. పూలి ఏమీ కాదని కన్నవాళ్లు ఒప్పుకుంటే పిల్లను ఇవాళే పంపుతాడు, పూలి మాత్రం ఇక ఆ ఇంట్లో ఉండకూడదు. గోరి పూలి వైపు తిరిగింది. పూలే ఆమె మోచేయి నొక్కింది.

"చెప్పు గోరీ. పిల్ల ఆడ ఉండొద్దు. నీ వీపు మీద వాత మర్సినవా?"

"నాకు నోరెట్లొస్తదే?"

"నా కోసం గాదు, దాని కోసం చెప్పు."

"ఆమె మా పిల్లకు ఏం కాదు సారూ," అంది గోరి. కొంగు నోట్లో కుక్కుకుంది.

పూలిని వరండాలోకి పంపేశారు. జైలంటే ఆమెకు ఇప్పుడు భయం లేదు. నోటితో కాదన్న సంగతి ఒంటికి కూడా తెలిసిపోతుందేమో, ఇక చాందికి ఏమైనా తనకు తెలియదేమో, అదీ భయం.

లోపలికి పిల్లను తెచ్చారు. గోరిని చూసి పరుగెత్తబోయి చాంది బోను మెట్టుకు కాలు కొట్టుకుంది. భద్రూ గోరీ బొటనవేళ్లు పట్టుకుని చతికిలబడడం తలుపు సందులోంచి పూలికి కనిపించింది. తన కాలు చూసుకుంది. నెత్తురు లేదు, నొప్పి లేదు.

"పూలి యాడీ," అని లోపల్నుంచి పిల్ల ఏడుస్తూ పిలిచింది.

అప్పుడు పూలి కాలి బొటనవేలి గోరు చీలింది. అంత నొప్పి ఆమె ఎరగదు. గడప మీద కూర్చుని ఆ కాలిని గుండెకు హత్తుకుంది.

వరండాలో నెత్తురు చూసి బంట్రోతు తలుపు బార్లా తీశాడు. జడ్జి కళ్లజోడు సవరించుకుని పిల్ల కాలు చూశాడు, ముగ్గురి కాళ్లూ చూశాడు. ముందు అందరికీ కట్లు కట్టించమన్నాడు. తర్వాత, ఈ పిల్లకు తల్లులు ఇద్దరు, తండ్రి ఒకరు, ముగ్గురికీ హక్కు సమానమని తీర్పు చెప్పి కేసు కొట్టేశాడు.

తిరుగు బస్సులో చాంది పూలి ఒళ్లో నిద్రపోయింది. కాలి నొప్పి మెల్లగా తగ్గుతుంటే పూలికి మళ్లీ ఆ భయమే పట్టుకుంది. కట్టు మీద వేలు పెట్టి నొక్కి చూసుకుంది. నొప్పి ఉంది. ఏన్కూరు దాటేదాకా అలా నొక్కి చూసుకుంటూనే ఉంది.